పొగమంచు నెలల గైడు

మా మావయ్య కొండమీద వ్యూపాయింట్‌లో గైడు. పెద్ద పనేమీ కాదు. కింద లోయలో సరస్సుంది. వచ్చినవాళ్లకి దాన్ని కర్రతో చూపించాలి. అదిగో దీవి, ఇదిగో పడవల రేవు. మధ్యలో రెండు జోకులు. ఆ జోకులు నేను పుట్టకముందువి.

ఒకప్పుడు ఎండాకాలం జనం, మిగతా ఏడాది తాళం. తాళం వేసిన నెలల్లోనే మావాళ్లు పళ్లు పీకించుకునేవాళ్లు, ఇళ్లకి రంగులేయించుకునేవాళ్లు. తర్వాత ఎవడికో బుర్ర వెలిగింది. వానకి వాన ప్యాకేజీ, చలికి మంచు ప్యాకేజీ. ఇప్పుడు ఏడాది పొడుగునా సీజనే.

మావయ్య కళ్లకి శుక్లాలు మొదలైంది కూడా అప్పుడే. ఆపరేషన్ చేయాలన్నాడు డాక్టరు. ఆ తర్వాత కొన్ని వారాలు ఇల్లు కదలొద్దన్నాడు.

"ఇంకెప్పుడు చేయించుకుంటారు, పూర్తిగా పోయాకా?" అని అత్త సణిగేది.

"సెలవు పెడితే నా కర్ర ఇంకొకడి చేతిలో ఉంటుందే. నాకేం, లోయంతా నోటికొచ్చు."

నోటికొచ్చన్నది నిజమే. పొగమంచు నెలల్లో ఎదురుగా తెల్లగోడ తప్ప ఏమీ ఉండదు. మిగతా గైడ్లు టీకొట్టు దగ్గర చేరేవాళ్లు. మావయ్య మాత్రం కర్రెత్తి దీవినీ రేవునీ చూపించేవాడు. జనం ఆ తెల్లదనాన్నే ఫొటోలు తీసుకునేవాళ్లు. ఎవరికీ ఏమీ కనిపించదు కాబట్టి, ఆయనకి కనిపించట్లేదన్న సంగతి ఎవరూ పట్టుకోలేదు.

బాగా ఎండ కాసిన ఓ ఉదయం దొరికిపోయాడు.

"అదిగో పడవల రేవు. ఎర్ర రేకుల కప్పు కనిపిస్తోందా అమ్మా?"

"ఏదండీ? అక్కడ హోటలుంది కదా."

"ఆ హోటలు పక్కన."

"పక్కన ఇంకో హోటలుంది తాతగారూ," అంది ఆవిడ కూతురు. అందరూ నవ్వారు. వెనకాలే వ్యూపాయింట్ మేనేజరున్నాడు.

రేవు పడగొట్టి చాలా కాలమైంది. ఊరందరికీ తెలుసు. ఆయనకి మాత్రం ఎవరమూ చెప్పలేదు. రోజూ చూసేది ఆయనే కదా అనుకున్నాం.

మేనేజరు దగ్గరికొచ్చి వేళ్లు చూపించాడు. "పెద్దాయనా, ఇవెన్ని?"

"రెండు. ఎవరైనా రెండేగా చూపిస్తారు."

చూపించింది నాలుగు. మేనేజరు కేకలేయలేదు, కర్ర తీసుకున్నాడంతే.

మావయ్య కొన్నాళ్లు మంచం దిగలేదు. అత్త అదే అదనుగా, "ఇప్పుడు సెలవు గోల లేదుగా, పదండి" అని ఆస్పత్రికి లాక్కెళ్లింది.

కట్లు విప్పి, డాక్టరు సరేనన్నాక మావయ్య నేరుగా వ్యూపాయింట్‌కే నడిచాడు. వెంట నేనున్నాను. రెయిలింగు పట్టుకుని చాలాసేపు చూశాడు.

"ఇన్ని కట్టారేంట్రా!" అన్నాడు.

ఆయన జాగాలో మేనేజరు బావమరిది, మైకుతో సహా, నిలబడి ఉన్నాడు. మావయ్య వెళ్లి పని అడిగాడు.

"మంచు నెలల్లో రా పెద్దాయనా," అన్నాడు మేనేజరు. "తెల్లగోడని చూస్తే మావాడికి నోరు పెగలదు."

అత్త మండిపడింది. "కళ్లు బాగు చేయించుకుంది ఏమీ కనపడని నెలల్లో పనిచేయడానికా?" మావయ్య మాత్రం ఒప్పేసుకున్నాడు. బేరం కూడా ఆడలేదు.

మంచు దిగిన మొదటి రోజే కోటు తొడుక్కుని వెళ్లాడు. గొంతు పాతదే. రేవు తీసేసి హోటళ్లు కలిపాడు. ఖర్చు దండగైందన్న మొహంతో ఒకాయన అడిగాడు:

"అసలక్కడ సరస్సనేది ఉందాండీ?"

"ఉంది సార్," అన్నాడు మావయ్య. "మొన్నే చూశాను."