మేం చూస్తున్నం, సికింద్రాబాద్ నుంచి

కిందటి నెల ఒక గురువారం పొద్దున మా కిందింటి పెద్దమ్మ వెళ్లిపోయింది. నేను పనికి బయలుదేరి మెట్లు దిగుతుంటే ఆమె కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. "అక్కా, అమ్మ లేస్తలేదు" అంది. లోపలికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత వచ్చిన డాక్టరు చెప్పారు. మధ్యాహ్నానికి అల్వాల్ నుంచి కొడుకు కుటుంబం వచ్చింది. సాయంత్రానికి అంతా అయిపోయింది.

పెద్ద వయసు, బాధపడకుండా పోయింది, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్లంతా అన్నారు. నిజమే. కానీ ఆ రోజు మెట్టుగూడలోనే కాదు, ఎక్కడో దూరదేశంలో ఒక ఇంట్లో కూడా ఆమె కోసం ఏడ్చారు. పెద్దమ్మ ఏనాడూ ఆ దేశం చూడలేదు. వాళ్ల భాషలో ఒక్క ముక్క రాదు. అది ఎలా జరిగిందో చెప్పాలనే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఆ దేశం పేరు మాత్రం రాయను. ఆ ఇంటివాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు.

పెద్దమ్మ చీరలకు ఫాల్స్ కుట్టేది. కిటికీ పక్కన కుట్టుమిషను, దాని మీద కళ్లద్దాల పెట్టెకు ఆనించి ఫోను. మనవరాలి డ్యాన్సు వీడియోలు చూసుకోమని కొడుకు కొనిచ్చాడు. కొన్నాళ్లు అవే చూసింది. తర్వాత ఒకరోజు నేను చీర ఇవ్వడానికి వెళ్తే, మిషను ఆపి ఫోను నా చేతిలో పెట్టింది.

"ఏందీ బిడ్డా ఇది? గీళ్లు పళ్లాలు ఎందుకు కొడ్తున్రు?"

ఏదో పెద్ద ఆఫీసు ముందు రోడ్డు నిండా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. అందరి చేతుల్లో ఖాళీ పళ్లాలు, గరిటెలు. కింద రాసినదాన్ని ఫోను తెలుగులోకి మార్చి చూపించింది. రొట్టె ధర పెంచారు, అడిగిన పిల్లల్ని జైల్లో పెట్టారు, తల్లులు రోడ్డెక్కారు. అది చదివి వినిపిస్తే పెద్దమ్మ సూదిలో దారం ఎక్కించబోయి ఎక్కించలేక పక్కన పెట్టేసింది.

ఆమె లాలాగూడలో కాపురం ఉన్నప్పటి సంగతి నాకు ఆ రోజే తెలిసింది. పెదనాన్న పనిచేసే ఫ్యాక్టరీలో సమ్మె జరిగిందట. మగవాళ్లను పోలీసులు పట్టుకుపోయారు. చంకలో పిల్లాడితో ఆమె గేటు ముందు కూర్చుంది.

"మా తక్లీఫ్ మా గల్లీ దాటదు అనుకున్నం. ఒకనాడు వరంగల్ దిక్కెల్లి ఎవరో ఆడోళ్లు రైలు దిగొచ్చిన్రు. చుట్టాలు గాదు, ఏం గాదు. ఇన్ని బియ్యం తెచ్చిన్రు. 'మీ సంగతి పేపర్ల చూసినం' అన్నరు. బియ్యం నాలుగొద్దులల్ల ఒడిసినయ్. ఆ మాట ఇంక ఒడవలే బిడ్డా."

అప్పటికప్పుడు ఆ వీడియో కింద తెలుగులో రాయించింది. నేను టైపు చేస్తుంటే పక్కన కూర్చుని ఒక్కో మాటా చెప్పింది. "మేం చూస్తున్నం బిడ్డా. సికింద్రాబాద్ నుంచి." తర్వాత తనే రాయడం నేర్చుకుంది. పొద్దున చాయ్ తాగి, ఆ ఊరి నుంచి కొత్తగా వచ్చిన వీడియోలు చూసి, ప్రతి దాని కిందా అదే వాక్యం రాసేది. చుట్టుపక్కలవాళ్లకు పంచేది. ఫాల్స్ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్లను కూర్చోబెట్టి చూపించేది.

మూడో అంతస్తు మాస్టారికి ఇది నచ్చలేదు. "మన సందులో డ్రైనేజీ పొంగుతుంటే పట్టించుకునే దిక్కు లేదు. ఎవరో దేశంకాని దేశంవాళ్ల గొడవ మీకెందుకండీ?" అన్నారు.

"డ్రైనేజీ కాడికి సుత పోదాం పా సారూ. రేపు పొద్దుగాల తయారుండు" అంది పెద్దమ్మ.

మాస్టారు రాలేదు. ఆమె మాత్రం వెళ్లి మున్సిపాలిటీవాళ్లను వెంటబెట్టుకొచ్చింది.

ఆ తర్వాత జరిగినదాన్ని ఆమె చివరిదాకా మరిచిపోలేదు. ఒక వీడియోలో ముందు వరసలో ఒక అమ్మాయి ఉంది. ఇరవై ఏళ్లుంటాయేమో. కళ్ల నిండా నీళ్లతో, నవ్వుతూ పళ్లెం కొడుతోంది. ముఖం స్పష్టంగా కనబడుతోంది. పెద్దమ్మకు ఆ అమ్మాయి తెగ నచ్చింది. "ఈ బిడ్డను చూడుండ్రి, ఎంత ధైర్యమో" అని రాసి అందరికీ పంచింది. అపార్ట్‌మెంటు గ్రూపు నుంచి చుట్టాల గ్రూపులకు, అక్కడినుంచి ఎవరెవరికో పోయింది. ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా మెచ్చుకుంటుంటే పెద్దమ్మ సంబరపడింది. ఆమెతోపాటు నేనూ సంబరపడ్డాను.

రెండు రోజుల తర్వాత నేను కూరగాయలు తీసుకుని వస్తుంటే కిటికీలోంచి కేకేసింది. ఆమెకు ఒక మెసేజ్ వచ్చింది. ఫోను చేసిన తెలుగు గరుకుగా ఉన్నా విషయం అర్థమైంది. "అమ్మా, దయచేసి ఆ వీడియో తొలగించండి. ఆమె నా చెల్లెలు. ఇక్కడ వీడియోల్లో ముఖాలు చూసి తీసుకుపోతున్నారు."

"తీసెయ్ బిడ్డా. జల్ది తీసెయ్" అంది.

తీసేశాను. కానీ అది ఎప్పుడో మా చేతులు దాటిపోయింది. తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేయించింది. మా అపార్ట్‌మెంటుకు లిఫ్టు లేదు. మోకాళ్ల నొప్పులతో, రెయిలింగు పట్టుకుని, ప్రతి గడప ఎక్కింది. మూడో అంతస్తు మాస్టారు ఇక్కడా అడ్డం తిరిగారు. "లోకమంతా పాకిపోయింది కదండీ. నేనొక్కణ్ణి తీసేస్తే ఏం ఒరుగుతుంది?"

"నీ ఫోన్ల నుంచి పోతది గద సారూ. నువ్వు తీసేదాంక నేను ఈడ్నే నిలబడ్త."

ఆయన ఆమె మోకాళ్ల వంక చూసి, కుర్చీ వేసి, ఫోను తీశారు.

వారం తిరక్కుండానే ఆ అమ్మాయిని పట్టుకుపోయారు. తెల్లవారుతుండగా పోలీసులు ఇంటికి వచ్చారని ఆ మెసేజ్ పెట్టిన ఆమె అన్న రాశాడు. పెద్దమ్మ ఒకే ఒక్క ప్రశ్న రాయించింది. "నా వల్లనేనా?" అతను వెంటనే జవాబిచ్చాడు. కాదు, ఆ వీడియో మీకన్నా ముందే అన్నిచోట్లా ఉంది, ఎవరివల్లో ఎవరూ చెప్పలేరు అని. పెద్దమ్మ విని తల అడ్డంగా ఊపింది.

మిషను మీద గుడ్డ కప్పేసింది. ఫోను బీరువాలో పెట్టేసింది. కూతురు బలవంతం చేస్తే రెండు ముద్దలు తినేది. కొడుకు వచ్చి కోప్పడ్డాడు. "ఎందుకే అమ్మా మనకీ పరేషాన్? వద్దంటే వినకపోతివి." నేను ఓదార్చబోయి, "మీరొక్కరే కాదు కదా పెద్దమ్మా, వేలమంది పంచారు" అన్నాను.

"అందరు పంచిన్రు. నేను సుత పంచిన. గంతే బిడ్డా" అంది.

బీరువాలోంచి ఫోను మళ్లీ బయటికి రావడానికి కారణం కూడా ఆ అన్నే. పెద్దమ్మ దగ్గరినుంచి ఉలుకూ పలుకూ లేకపోయేసరికి, మా పోస్టులు వెతుక్కుని నాకు రాశాడు. జైల్లో ఉన్నవాళ్లలో బయట పేరు తెలిసినవాళ్ల జోలికి కాస్త ఆలోచించి వెళ్తున్నారట. పేరు తెలియనివాళ్లు మాయమవుతున్నారట. అందుకే ఇంట్లోవాళ్లే ఇప్పుడు చెల్లెలి పేరు, ఫోటో అందరికీ తెలియాలనుకుంటున్నారు. పెద్దమ్మ సాయం కావాలి.

నేను చదివి వినిపిస్తే ఆమె ముఖంలో భయం కనబడింది. మొన్న దాచమన్న ముఖాన్నే ఇప్పుడు చూపించమంటున్నారు.

"వాళ్లమ్మ నోటితోని చెప్పాలె. అమ్మను చూడందే నేను ముట్టుకోను" అంది.

మర్నాడు వీడియో కాల్ వచ్చింది. తెరమీద ఒక పెద్దావిడ, నల్లటి శాలువా కప్పుకుని ఉంది. వెనక అన్న నిలబడి ఉన్నాడు. ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. చివరికి పెద్దమ్మ అయిదు వేళ్లూ కూర్చి నోటి దగ్గర పెట్టుకుని, తిన్నావా అన్నట్టు సైగ చేసింది. ఆ తల్లి లేదన్నట్టు తలూపి, శాలువా కొంగులో ముఖం దాచుకుంది. పెద్దమ్మ కూడా ఏడ్చింది. కాసేపటికి ఆ తల్లి కూతురి ఫోటోను కెమెరా ముందుకు తెచ్చి పట్టుకుని, రెండో చేత్తో బయటికి, దూరంగా, అందరికీ అన్నట్టు చూపించింది.

ఆ రోజు నుంచి మిషను పక్కన మరో పని మొదలైంది. ప్రతి పొద్దునా ఆ ఫోటో పెట్టి, అమ్మాయి పేరు రాసి, "ఈ బిడ్డ ఎక్కడుంది? ఎట్లుంది?" అని ఆ దేశపు ప్రభుత్వాన్ని అడిగేది. చీరలు తెచ్చిన ప్రతి మనిషి చేతా ఒక వాక్యం రాయించేది. "పక్కామె రాసింది చూసి రాయకుండ్రి. మీ మాట మీరు రాయుండ్రి" అనేది. వేరే వీడియోలు పంచాల్సి వస్తే ముందు ముఖాల మీద నల్లటి చుక్కలు పెట్టేది. ఆ పని నేనే నేర్పాను. కళ్లజోడు సర్దుకుని, గుండీలు కుట్టినంత ఓపికగా, ఒక్కో ముఖం వెతికి కప్పేది. పూర్తయ్యాక నన్ను పిలిచి, "ఎవరన్న మిగిలిన్రా చూడు" అనేది. మూలన ఎక్కడో సగం కనబడే చెంప ఉన్నా వదిలేది కాదు. ఆ పిల్లలెవరూ ఆమెకు తెలియదు. ఆ చుక్కలు ఎవరు పెట్టారో వాళ్లకూ తెలియదు.

ఆ నిరసన గెలవలేదు. ఒకరోజు రోడ్డంతా ఖాళీ చేయించారు. రొట్టె ధర తగ్గిందో లేదో ఎవరూ రాయలేదు. కానీ కొన్ని నెలల తర్వాత, కొంతమందితో పాటు ఆ అమ్మాయిని వదిలిపెట్టారు. మా పోస్టుల వల్లే వదిలారని నేను చెప్పను. తెలియదు. ఆ అమ్మాయికి ఒక చెవి సరిగా వినపడకుండా పోయింది. గడప దాటడానికి భయపడుతోందని అన్న చెప్పాడు.

ఆమె మాట్లాడతానన్న రోజు పెద్దమ్మ తలంటుకుని, మంచి చీర కట్టుకుని ఫోను ముందు కూర్చుంది. అమ్మాయి జుట్టు కత్తిరించి ఉంది. వీడియోలో చూసిన ముఖమేనా అనిపించింది. పెద్దమ్మ చేతులు జోడించింది.

"ఆ వీడియో నేను సుత పంచిన బిడ్డా. నన్ను మాఫ్ చెయ్యి."

నేను ఇంగ్లీషులో చెప్పాను, అన్న తన భాషలో చెల్లెలికి చెప్పాడు. ఆమె బాగా వినపడే చెవిని ఫోనుకు దగ్గరగా పెట్టి వింది. మెల్లగా మాట్లాడింది. అన్న ఆగి ఆగి మాకు చెప్పాడు.

"లోపల నన్ను ప్రశ్నించేటప్పుడు ఒకరోజు కొత్త ప్రశ్న అడిగారు. సికింద్రాబాద్ ఎక్కడుంది, అక్కడ నీకు ఎవరున్నారు, వాళ్లు నీ పేరు ఎందుకు రాస్తున్నారు అని. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అయినా మా అమ్మమ్మ ఉందని చెప్పాను. ఆ అబద్ధానికి కొట్టారు. కానీ బయట ఎవరో నా పేరు తలుస్తున్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆ రోజు నిద్రపోయాను."

పెద్దమ్మ మనసు కొట్టారన్న మాట దగ్గరే ఆగిపోయిందని నాకు తెలుసు. ఫోనుకు దగ్గరగా జరిగి, "అబద్ధం గాదు. ఉన్న కద" అంది.

అప్పటినుంచి వారానికొకసారి ఫోను వచ్చేది. తెలుగులో "అమ్మమ్మా" అనడం ఆ అమ్మాయి నేర్చుకుంది. ఇంకా గడప దాటడం లేదు. ఇంట్లోనే ఉండి సూదిపని చేస్తానంటే, అంచు మడిచి కనబడకుండా కుట్టు వేయడం పెద్దమ్మ ఫోనులోనే నేర్పింది. వేళ్లు తెరమీద పెద్దవిగా కనిపించాలని ఫోను మీదికి వంగి కుట్టేది. "జెర ఆగు, జెర ఆగు" అనేది తెలుగులోనే. ఆ పిల్ల ఆగేది.

ఆ గురువారం సాయంత్రం నేనే వాళ్లకు రాశాను. అన్న చదివాడు. తర్వాత ఒక ప్రశ్న వచ్చింది. "మేము ఏం చేయవచ్చు?" ఏం చెప్పాలో తెలియక, ఆమెను తలుచుకోండి అన్నాను.

దినాల రోజున ఇంటినిండా చుట్టాలున్నప్పుడు కాల్ వచ్చింది. పెద్దమ్మ కొడుకు తీసుకుని, ఏం మాట్లాడాలో తోచక, ఫోను అందరికీ కనబడేలా గోడకు ఆనించాడు. మూడో అంతస్తు మాస్టారు కూడా లేచి దగ్గరికొచ్చారు. "దూరం వెళ్లేవాళ్ల వెనక నీళ్లు పోయడం మా దగ్గర ఆచారం, వాళ్ల దారి చల్లగా సాగాలని" అన్నాడు అన్న.

కెమెరా కిందికే ఉంది. వాళ్ల గుమ్మం, రాళ్లు పరిచిన ఏటవాలు సందు కనిపించాయి. తల్లి చెయ్యి ఒక గిన్నెడు నీళ్లు బయటికి విసిరింది. తడికి రాళ్లు నల్లబడి ఎండలో మెరిశాయి. నీళ్లు సన్నటి పాయగా సందులోకి పారుతున్నాయి. అప్పుడు గుమ్మంలోంచి ఒక వట్టిపాదం బయటికి వచ్చి, ఆగి, తడిరాయి మీద మోపింది. తర్వాత రెండోది. ఆ పాదాలు నీటి వెంట నాలుగడుగులు నడిచి, సందు మధ్యలో ఎండలో నిలబడ్డాయి.