సీటు కింద అరచేతంత పాత రంగు

మదనపల్లెలో కార్ల సీట్లకు రంగేసే సాయిబు పోయాడని పోయిన వారం కబురొచ్చింది. ఇంటికెళ్లి ఆఖరి చూపు చూసొచ్చాను. ఆ గోరీ మీద మట్టి ఆరకముందే పుంగనూరులో ఆయన మీద ఒక నింద పుట్టింది. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఒక్క మాట తగ్గించినా ఊరుకోనన్నాను.

ముందే చెబుతున్నాను, సాయిబును నాకంటే ఎక్కువ అనుమానించినవాళ్లు లేరు.

మా ఇంటాయన పోయాక మిగిలిన కారును డ్రైవర్‌ను పెట్టి బాడుగకు తిప్పుతున్నాను. పాతబడి నీలం సీట్లూ కింద కార్పెట్టూ బూడిద రంగుకు తిరిగాయి. పెళ్లివాళ్లు తలుపు తీసి చూసి వెళ్లిపోయేవాళ్లు. సాయిబు రంగేస్తానన్నాడు. ఏం కలుపుతాడో ఏమోనని షెడ్డు ముందు స్టూలేసుకుని కాపలా కూర్చున్నాను. సోపు నీళ్లతో కడిగి నీడన ఆరబెట్టాడు. పలచగా ఒక పూత, అది ఆరాక ఇంకో పూత. కార్పెట్టు నూలు అట్టకట్టకుండా బ్రష్షుతో దువ్వుతూనే ఉన్నాడు.

"యాలప్పా ఇంత సేపు? బిడ్డకు జడేస్తాండావా?"

"తొందరపడితే రంగు నీ చీరకు అంటుకుంటాదమ్మా. ఆ పొద్దు తిట్టేది నువ్వే."

"ఈ పొద్దు కూడా తిడతా."

పనయ్యాక కూడా నమ్మలేదు. శుక్రవారం నమాజుకు వేసుకునే తెల్ల పైజామాతో రమ్మన్నాను. మిట్టమధ్యాహ్నం అద్దాలెత్తించి, వెనక సీట్లో కూర్చోబెట్టి పుంగనూరు దాకా తీసుకెళ్లాను. బస్టాండు దగ్గర చెమటలు కక్కుతూ దిగి, వెనక్కు తిరిగి నిలబడ్డాడు.

"సూడమ్మా. ఊరంతా సూస్తా ఉండాది, నువ్వూ సూడు."

మరక లేదు.

అయినా ఇంటికొచ్చి సీటెత్తి చూశాను. కింద కార్పెట్టు మూలన అరచేతంత చోటు బూడిద రంగుగానే ఉంది. దొరికాడనుకుని మర్నాడే వెళ్లి అరిచాను.

"నేనే వదిలినానమ్మా," అని చెయ్యి ఆనించి చూపించాడు. "ఇట్ల చెయ్యి పెట్టి సుట్టూ రంగేస్తా. రేపు నువ్వమ్మితే కొనేవాడికి తెలియాల, ఇది రంగేసిన బండని. పాతదాన్ని బాగుచేస్తా గానీ కొత్తదని అబద్ధం చెప్పేదానికి నాకు చేతులు రావు."

అదీ నమ్మక, షెడ్డులోని బండ్ల సీట్లన్నీ ఎత్తించాను. అన్నిటి కిందా ఆ చోటు ఉంది. కార్ల బ్రోకర్లు ఆయన షెడ్డు తొక్కరని ఎందుకంటారో అప్పుడు తెలిసింది.

ఇప్పుడు పుంగనూరు బ్రోకరొకడు కుప్పం పిల్లోడికి కారు అమ్మాడు. ఎక్కినవాళ్ల బట్టలకు రంగంటుకుంటోంది. అది మదనపల్లె సాయిబు పనేనని బ్రోకరు చెబుతున్నాడు. పోయినవాడు లేచి కాదనడని ధైర్యం. ఆ మాట విని, ఇప్పుడు షెడ్డు చూసుకుంటున్న సాయిబు కొడుకు దగ్గరికొచ్చిన బండ్లు వెనక్కు పోతున్నాయి.

కుప్పం వెళ్లి, బ్రోకర్ను పిలిపించి, నలుగురి ముందు సీట్లెత్తించాను. మూలమూలకూ రంగే.

"యాడప్పా ఆ అరచెయ్యి? సూపించు."

"మర్సిపోయింటాడులేమ్మా."

"నేను కాపలా కూర్సున్నా మర్సిపోనోడు, నీ బండికే మర్సిపోయినాడా?"

కుప్పం పిల్లోడు అతనివైపు తిరిగాడు. బ్రోకరు ఫోను చెవికి పెట్టుకున్నాడు. అది మోగనే లేదు, నేను పక్కనే ఉన్నాను.

నా మాట మీరూ ఊరికే నమ్మొద్దు. సాయిబు పనని ఎవరైనా అంటే సీటెత్తించండి.

నిన్న నా కారు సీటు మళ్లీ ఎత్తాను. పైన నీలం నిలిచే ఉంది. కింద ఆ మూలన ఏ పెళ్లివాళ్లవో తలంబ్రాల బియ్యం చేరితే కొంగుతో తుడిచాను. ఆ బూడిద రంగు మీద నా చెయ్యి ఆనించాను. చుట్టూ ఇంకా కాస్త చోటు మిగిలింది. సాయిబు చెయ్యి పెద్దది.