డాక్టరమ్మ లేని లంక

మొన్న మంగళవారం రాజమండ్రిలో మా డాక్టరమ్మ పోయారు. ఫోనులో ఆ మాట వినగానే నాకు ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది. ఆవిడను గోదావరి మధ్యనున్న మా లంక నుంచి సాగనంపిన పెద్దమనిషి మీద కోపం. ఈ నాలుగు మాటలు ఆ కోపంతోనే రాస్తున్నాను.

మా ఊరి ప్రెసిడెంటు పాత ఇంట్లోనే అద్దెకు ఉండేది ఆవిడ ఆసుపత్రి. ఎవరు వెళ్ళినా ముందు "తిన్నావటే?" అని అడిగేవారు. లూపు వేసేవారు, పిల్లలు పుట్టకుండా సూది చేసేవారు. మొగుళ్ళను కూడా పిలిచి కూర్చోబెట్టేవారు. "నీరొచ్చాక గట్టు వేస్తే ఏం లాభమే? ముందే వేసుకో" అనేవారు. అప్పటికీ తప్పనిసరై ఎవరైనా వస్తే, మొహం చిట్లించకుండా, చట్టప్రకారం కడుపు తీసేవారు. అలా వచ్చేవాళ్ళు ఏటేటా తగ్గారు.

ప్రెసిడెంటుకు ఆ తగ్గడం కనపడలేదు. "నా కొంపలో కడుపులు తీసే పనేంటండీ? డాక్టరు లేకపోతే ఆడాళ్ళకి ఆ ఆలోచనే రాదు" అని ఇల్లు ఖాళీ చేయించాడు. ఊళ్ళో ఇంకెవరూ అద్దెకివ్వకుండా చూశాడు.

ఆలోచన రాకపోవడమేంటి, నా మొహం! ఆవిడతోపాటు లూపూ పోయింది, సూదీ పోయింది. గోదావరి దాటి వెళ్ళాలంటే అత్తగారికి కారణం చెప్పాలి. అక్కర్లేని కడుపులు పెరిగాయి, మందులషాపులో చాటుగా కొనే బిళ్ళలు పెరిగాయి. మా తోటికోడలు, ముగ్గురు పిల్లల తల్లి, సూది అందక నెల తప్పింది. ఆ బిళ్ళలే మింగింది. రేవుకు మోసుకెళ్తుంటే చీరంతా రక్తం. పడవ అవతలి ఒడ్డు చేరకముందే పోయింది. కబురు విని డాక్టరమ్మ రాజమండ్రి నుంచి వచ్చి మా గుమ్మంలో కూలబడ్డారు. "నేనుంటే ఒక్క సూదితో సరిపోయేది కదే" అన్నారు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా.

ఆదివారం మా వీధిలో ఆవిడ ఫోటో పెట్టి భోజనాలు పెట్టాం. ప్రెసిడెంటు చేమంతి దండతో దిగాడు. వెనక సెల్‌ఫోన్లతో ఫోటోలు తీసేవాళ్ళు. "మహాతల్లండీ! మన ఊరికెంత సేవ చేశారండీ!" అన్నాడు.

గోదావరి వాళ్ళం, పగవాడొచ్చినా కుర్చీ వేసి మంచినీళ్ళిస్తాం. ఆ రోజు ఒక్కత్తీ లేవలేదు. నేను వెళ్ళి ఫోటోకు అడ్డంగా నిలబడ్డాను.

"మా తోటికోడల్ని చంపిన చేతులండీ అవి. ఆ చేతుల్తో ఈవిడకి దండెయ్యనివ్వం" అన్నాను. అంత కోపంలోనూ 'అండీ' పోలేదు, పాడు అలవాటు.

"ఏంటమ్మా ఇది, మర్యాదేనా?"

"కాదండి."

అతను మగవాళ్ళ వైపు చూశాడు. వడ్డన చేస్తున్న మా మరిది, పోయినదాని మొగుడు, మంచినీళ్ళ జగ్గు పట్టుకుని అతని ముందు నుంచే అవతలి బంతికి వెళ్ళిపోయాడు. వీధంతా విస్తళ్ళ ముందు కూర్చుంది. ప్రెసిడెంటు మాత్రం ఆ ఎర్రటి ఎండలో, దండ రెండు చేతులా పట్టుకుని, ఎవరైనా కూర్చోమంటారేమోనని చూస్తూ నిలబడే ఉన్నాడు.