అమ్మ ఆది గాజు

నిన్న పెట్టె సర్దుతుంటే అమ్మ ఆది గాజు దొరికింది. అంచు చెక్కుకుపోయిన ఎర్ర లక్కగాజు.

తొంభైలలో చిక్కడపల్లి, అశోక్‌నగర్‌లలో పెరిగిన మీకు గుర్తుండే ఉంటుంది. సెలవులొస్తే ఊళ్ల నుంచి చుట్టాలు దిగేవారు. వాళ్లకు చార్మినార్, గోల్కొండ తిప్పి చూపించడం పిల్లలమైన మన పనే కదా! చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్‌లో కొనే తన గాజుల సైజు తప్పకుండా అమ్మ ఈ ఆది గాజు నా చేతికిచ్చేది. పులిహోర డబ్బా కట్టిచ్చి, తను మాత్రం ఇంట్లోనే ఉండిపోయేది.

"నువ్వు రావా అమ్మా?"

"మనూరే గదా బిడ్డా, ఎప్పుడన్న పోవచ్చు. చుట్టాలకు జర మంచిగ చూపెట్టు."

ఒకసారి దసరాకు మాత్రం వస్తానంది. పసుపుపచ్చ చీర కట్టుకుని, కనకాంబరాలు పెట్టుకుని ఆటోలో కూర్చుంది కూడా. అంతలో నల్లకుంట నుంచి మేనత్త పిల్లలతో వచ్చింది. అమ్మ దిగి, తన చోటు వాళ్లకిచ్చి, వంటింటి వైపు నడిచింది. ఆగమని ఎవరూ అనలేదు. నేనైతే వెనక నుంచి అరిచాను. "అమ్మా, ఆది గాజు ఇయ్యి!"

తనే వస్తోంది కదా అని ఆ రోజు దాన్ని చేతికి తొడుక్కుంది. తీసి ఇచ్చింది.

అమ్మ పోయి ఐదేళ్లు. ఈ రోజు ఆ గాజు పట్టుకుని లాడ్ బజార్ వెళ్లాను. గాజుల కొట్టాయన ఎవరిదని అడిగితే అమ్మదన్నాను. ఆయన నవ్వాడు.

"ఆది ఎందుకక్కా? అమ్మనే తీస్కరా. చెయ్యి చూసి సరిగ్గ చేసిస్త."

"అమ్మకు తీరుతలేదన్నా," అన్నాను. "ఇంటికి చుట్టాలొచ్చిండ్రు."