అమ్మ పేరు అడిగే ల్యాబ్ తమ్ముడు

ఆ మంగళవారం మంచినీళ్లు నాలుగు బిందెలు పట్టాను. ఇడ్లీ పిండి రుబ్బాను. పాపకు, వాళ్ల నాన్నకు డబ్బాలు కట్టాను. బట్టలు పదకొండు ఉతికి ఆరేశాను. పన్నెండోది పిండుతుండగా ఖమ్మం నుంచి ఫోన్ వచ్చింది. మా పక్క వాటాలో కిరాయికి ఉండే ల్యాబ్ తమ్ముడి భార్య. "వదినా, పోయిండు" అంది. ఆ తడి చీర పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో, ఆ ఒక్కటి మాత్రం నా లెక్కలో లేదు.

తమ్ముడు నాకు రక్తసంబంధం కాదు. భద్రాచలం రోడ్డు మీద, అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఇక్కడి దవాఖానాలో రక్తం తీసి పరీక్షలు చేసే ఉద్యోగం తనది. వానాకాలం వస్తే లోపలి ఊళ్ల నుంచి జ్వరం మనుషులను మంచాల మీద మోసుకొచ్చేవారు. ఒంట్లో రక్తమంతా తోడేస్తారని వాళ్లకు భయం. తమ్ముడు ముందుగా ఖాళీ సిరంజిలోకి నీళ్లు తీసి, తన అరచేతిలో పోసి చూపించేవాడు. "గింతే" అనేవాడు. తర్వాత వాళ్ల చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచి, కళ్లు మూసుకుని వేలితో తడిమేవాడు. "నరం కంటికి దొరకదక్కా, వేలికి దొరుకుతది" అని నాతో చాలాసార్లు అన్నాడు.

మా పాపకు ఐదేళ్లప్పుడు మలేరియా వచ్చింది. గోదావరి పొంగి బస్సులు ఆగిపోయాయి. మా ఆయన భద్రాచలంలో చిక్కుకుపోయారు. పాప ఒంట్లో రక్తం, హిమోగ్లోబిన్ లెక్కన, నాలుగుకు పడిపోయింది. గోళ్లు కాగితంలా తెల్లబడ్డాయి. ఈ రోజే రక్తం ఎక్కించాలన్నారు డాక్టరు. ఫ్రిజ్‌లో ఒకే ఒక్క సంచి ఉంది, ఏ-పాజిటివ్ గ్రూపుది. పొద్దున తీసిన పరీక్షలో పాపదీ ఏ గ్రూపే అని వచ్చింది. దేవుడున్నాడనుకున్నాను.

మధ్యాహ్నం తమ్ముడు మళ్లీ సూది పట్టుకుని వచ్చాడు. ఎక్కించే ముందు సంచిలోని రక్తంతో పాప రక్తం కలిపి చూడాలట, కొత్తగా తీయాలట. పాప రెండు చేతులూ అప్పటికే నల్లగా కమిలి ఉన్నాయి. నేను తమ్ముడి మణికట్టు పట్టుకుని ఆపాను. పొద్దున తీసింది చాలదా అని అరిచాను. తను కదలకపోయేసరికి, "నీకు పిల్లలుంటే తెలిసేది" అన్నాను.

పెళ్లయి ఎనిమిదేళ్లయినా వాళ్లకు పిల్లలు లేరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అన్నాను.

తమ్ముడు పాప చేయి వెచ్చబరిచి, కళ్లు మూసుకుని, ఒక్క పోటుతో తీసుకుని వెళ్లాడు. కాసేపటికి వచ్చాడు. చేతిలో సంచి లేదు.

"తప్పు నాదే అక్కా. పొద్దున రెండు గొట్టాల మీద సీత అనే రాసిన. గంతకంటే ఏం రాయలే. మన పాపది ఏ కాదు, ఓ గ్రూపు. ఆ సంచి ఎక్కిస్తే పాణం పోయేది."

రాముడి గుడి దగ్గరి ఊళ్లు మావి. ఇంటికొక సీత, వీధికొక రామయ్య. మా పాప పేరు సీత. నాలుగు మంచాల అవతల, అడవి ఊరి నుంచి వచ్చిన ఇంకో పిల్ల పేరూ సీతే. గొట్టాలు తారుమారయ్యాయి. ఏ-పాజిటివ్ రక్తం కావలసింది ఆ పిల్లకు. పొద్దుననే దొరకవలసిన సంచి, నా బిడ్డ కోసం అని ఫ్రిజ్‌లోనే ఉండిపోయింది.

దాన్ని ఆ పిల్లకు ఎక్కిస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఆ తల్లి నేల మీద కూర్చుని నా వైపు చూసింది. ఆ క్షణాన ఆ తల్లి మీద నాకు కలిగింది జాలి కాదు. అది ఇక్కడ రాయలేను.

తమ్ముడిది ఓ గ్రూపు. ఆ పిల్లది ఓ అనుకుని, డ్యూటీ దిగాక తన రక్తం ఇస్తానని పొద్దుననే డాక్టరుతో చెప్పి ఉన్నాడట. ఆ రక్తం నా బిడ్డకు వచ్చింది. బల్ల మీద పడుకుని, సిస్టర్‌కు నరం తనే చూపించాడు.

మరునాడు పొద్దునకు మా సీత గోళ్లు ఎర్రబడ్డాయి. ఆ సీత పోయింది.

తప్పు తనదేనని తమ్ముడు ఆ తల్లి ముందు కూర్చుని చెప్పాడు. ఆమె భాష తెలిసిన ఆయమ్మ ఒక్కో మాటా విడమరిచింది. ఆ తల్లి తిట్టలేదు. బిడ్డను ఎత్తుకుని లేచింది. బస్సులు లేవు కదా, ఊరి పొలిమేర దాటేదాకా తమ్ముడు ఆమె వెనకే నడిచాడు.

ఆ తర్వాత ఎంత వరుస ఉన్నా, మంచం దగ్గరే నిలబడి పేరు, అమ్మ పేరు, ఊరి పేరు అడిగి, గొట్టం మీద రాసిగాని కదిలేవాడు కాదు. "ఏంది సారూ, సంబంధం చూస్తున్నవా, అమ్మ పేరు గిట్ల అడుగుతున్నవ్" అని నవ్వేవారు. "అవ్, మంచి సంబంధమే" అని తనూ నవ్వేవాడు, రాయడం మాత్రం ఆపకుండా.

నేను అన్న మాటకు క్షమాపణ అడగబోతే తమ్ముడు అడగనివ్వలేదు. "మాట మర్చిపోయిన అక్కా. సంచి మాత్రం బాకీ. నాకొద్దు, ఎవరికన్న ఇయ్యి" అన్నాడు. ఇంటి లెక్కల పుస్తకం చివరి పేజీలో రాసుకున్నాను: రక్తం, ఒక సంచి, ఇవ్వవలసినది.

ఇవ్వాలంటే నా ఒంట్లో పన్నెండున్నర ఉండాలి. తొమ్మిది ఉండేది. ఆరు నెలలకోసారి తమ్ముడే చూసి, "నీకే చాలదు, పో" అని తరిమేవాడు. తోటకూర, బెల్లం, ఖర్జూరం, ఐరన్ గోళీలు. పదకొండు దాటడానికి మూడేళ్లు పట్టింది.

అంతలో తమ్ముడికి కామెర్లు వచ్చాయి. ఎప్పుడో చేతికి గుచ్చుకున్న సూదితో అంటిన జబ్బు కాలేయాన్ని తినేసిందన్నారు. ఖమ్మంలో చేర్చారు. రక్తం వాంతి చేసుకుంటున్నాడని తెలిసి మొదటి బస్సుకే వెళ్లాను. చేయి చాపాను. పదకొండు పాయింట్ ఎనిమిది. చాలదు, తీసుకోలేమన్నారు. కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. కాగితం మీద పన్నెండున్నర అని రాసుకోండి, ఎవరికీ చెప్పనన్నాను. తలుపు అవతల మంచం మీదున్న తమ్ముడికి వినిపించింది. పిలిచాడు. గొంతు సగమే వచ్చింది.

"తప్పు రాయించకు అక్కా."

ఎవరెవరో ఇచ్చారు. నేను మాత్రం ఇవ్వలేదు. వారం తిరక్కుండా ఆ ఫోన్ వచ్చింది.

తమ్ముడు పోయి నిన్నటికి నెల. పొద్దున పనులు ముగించి మా దవాఖానాకు వెళ్లాను. పన్నెండు పాయింట్ ఆరు వచ్చింది. తమ్ముడి కుర్చీలో, తన దగ్గరే పని నేర్చుకున్న కొత్త అమ్మాయి ఉంది. నా పేరు రాసుకుంది. తల ఎత్తకుండానే, "అమ్మ పేరు?" అని అడిగింది. మా అమ్మ పోయి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె పేరు పైకి పలికి ఎంత కాలమైందో. ఆ అమ్మాయి తొందర పెట్టలేదు. నేను చెప్పేదాకా కలం పట్టుకుని ఆగింది. రాసుకున్నాక నా చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని వెచ్చబరిచి, కళ్లు మూసుకుంది.

కాన్పుకు వచ్చిన ఒకామెకు కావాలన్నారు. నేను ఆమె పేరు అడగలేదు.

ఇంటికొచ్చి, మోచేతి మడతలో దూది అలాగే ఉండగా, పుస్తకం చివరి పేజీ తీశాను. రక్తం, ఒక సంచి. పక్కన రాశాను: చెల్లు.