అత్త తెచ్చిన ఆరు కూపన్లు

పోయిన మంగళవారం మధ్యాహ్నం నేను కౌంటరులో ఉండగా ఉదయగిరి నుంచి ఫోను వచ్చింది. మా మేనత్త పోయింది. అన్నం తిని పడుకున్న మనిషి మళ్లీ లేవలేదట. నా ఎదురుగా ఒకాయన సామాను సగం బిల్లు కొట్టి ఉంది. మిగతా సగమూ కొట్టి, ఆయన చేతికి చిల్లర ఇచ్చి, అప్పుడు లేచాను.

ఆత్మకూరులో ఒక సూపర్‌మార్కెట్లో నాది బిల్లింగ్ పని. అత్తది కొయ్య గరిటెల పని. మామ చిన్న వయసులోనే పోతే, గరిటెలు నునుపు చేసి, కాడల మీద పూలు చెక్కి కూతుర్ని పెంచింది. ఇంటరు చదివిన రెండేళ్లు నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. చేసిన ప్రతి గరిటెనూ తన చెంపకు రాసుకుని చూసేది. ఎందుకని అడిగితే, "కొన్నోళ్ల చేతికి గీసుకోకూడదు మే. మన విద్యంతా అంతే" అనేది.

రెండేళ్ల కిందట ఉగాదికి, గరిటెలు కొనే వ్యాపారి పనివాళ్లకు బహుమానంగా మా షాపు కూపన్లు పంచాడు. అత్తకు ఆరు వచ్చాయి, ఒక్కొక్కటి వంద రూపాయలది. రెండు సంచులు పట్టుకుని, గంటన్నర పైగా బస్సులో కూర్చుని వచ్చింది. నూనె, చక్కెర, కందిపప్పు, సబ్బులు బుట్టలో వేసుకుని, నవ్వుకుంటూ నా కౌంటరుకే వచ్చి నిలబడింది.

ఇలాంటి కూపన్లు మీలో చాలామంది అందుకునే ఉంటారు. ముందువైపు పెద్ద అంకె. వెనకవైపు చీమతలకాయంత ఇంగ్లీషు. నూనెకు, చక్కెరకు చెల్లదు. ఒక ఫోను నంబరుకు రోజుకు ఒక్కటే. ఇవన్నీ నేనే చెప్పాల్సి వచ్చింది.

"ఇదంతా యాడ రాసుండాది మే?"

"వెనకాల, అత్తా."

తిప్పి బొటనవేలితో రుద్ది చూసింది. "ఇయ్యి అక్షరాలా? నేనింకా డిజైననుకున్నా." వేళ్ల మీద లెక్కేసుకుని, "అయితే ఆరు దినాలు వస్తే ఆరూ చెల్లతాయి కదా. బస్సు చార్జీ ఎవురిస్తారు?" అంది. కోపంతో కాదు, నిజంగానే అడిగింది. వెనక నిలబడ్డవాళ్లలో ఎవరో నవ్వారు.

అత్త నూనె, చక్కెర తీసుకుని వెళ్లి, ఎక్కడివి అక్కడ సర్ది వచ్చింది. అది చూడలేకపోయాను. "మేనేజరు సరేనన్నాడు అత్తా" అని అబద్ధం చెప్పి, నా నంబరు, మా ఆయన నంబరు, తోటి అమ్మాయిలవి నాలుగు కొట్టి, ఆరు బిల్లులు చేసి పప్పూ సబ్బులూ ఇచ్చి పంపాను.

వారానికే బయటపడింది. పనిచేసేవాళ్ల నంబర్ల మీద కూపన్లు వాడకూడదన్నది ఇంకో రూలు. పైవాళ్లకు రాస్తాననీ, ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవద్దనీ మేనేజరు చెప్పాడు. నేను మా నాయనకు చెప్పుకుని ఏడ్చాను. ఆయన తన చెల్లెలికి, అదే అత్తకు, చెప్పాడు.

మర్నాడు షాపు తీసేసరికి అత్త మెట్ల మీద కూర్చుని ఉంది, అవే రెండు సంచులతో. నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి సామాను బల్ల మీద పేర్చింది.

"ఒక సబ్బు వాడినాను సార్. కడమయి ఎట్టుండేయి అట్టే ఉండాయి. తీసుకోండి. ఆ బిడ్డను ఏమీ అనబాకండి."

"అమ్మిన సరుకు వెనక్కి తీసుకోమమ్మా. రూలు ఒప్పుకోదు."

"ఇచ్చేదానికీ రూలే, తీసుకునేదానికీ రూలే. తెలవక అడగతా ఉండాను సార్. తప్పు దిద్దుకునేదానికి ఏం రూలుండాది మీ కాడ?"

ఆయన ఆ ఆరు బిల్లులూ ముందేసుకుని లెక్క చూశాడు. చివరికి, ఆ ఆరువందలు కడితే బిల్లులు సరిచేసుకుంటానన్నాడు. అత్త కొంగుముడి విప్పింది. నాకు హెచ్చరిక కాగితం ఒకటి ఇచ్చి వదిలేశారు.

బస్టాండు దాకా సంచులు నేనే మోశాను. మంచి చేసినందుకు ఇంత జరిగిందన్న బాధ నాలో ఉంది. అత్త బస్సెక్కే ముందు అంది: "నాతో అబద్ధం ఎందుకు చెప్పినావు మే? కుదరదంటే ఊరికే పోయుందును కదా. కాదని చెప్పినా మర్యాదే, మొగం చూసి చెప్తే."

ఆ నెలలోనే, కూపను రూల్సన్నీ పెద్ద తెలుగు అక్షరాలతో అట్ట మీద రాసి, బుట్టలు తీసుకునే చోట కట్టాను. మేనేజరు చూశాడు, తీయమనలేదు. రూల్సేమీ మారలేదు. బుట్ట నింపుకుని వచ్చి, అందరి ముందు తలవంచుకుని తిరిగి సర్దేవాళ్లు మాత్రం తగ్గారు. ఈ మాట అత్తకు ఫోనులో చెబితే, "అక్షరాలు గుండ్రంగా రాసినావా?" అని మాత్రం అడిగింది.

అత్త పోయిన మూడోనాడు మళ్లీ ఉదయగిరి వెళ్లేసరికి, ఆమె వసారాలో తోటి ఆడవాళ్లు పనికి కూర్చుని ఉన్నారు. ఆర్డరు పంపాల్సి ఉందట. నన్ను చూసి జరిగి చోటిచ్చారు. గరుకు కాగితం చప్పుడు ఒక్కటే. కొయ్యపొడి ఎండలో లేచి, తిరిగి తిరిగి, అందరి తలల మీదా వాలుతోంది. సాయంత్రం బస్సు ఎక్కినప్పుడు కూడా అది నా చీర మీద ఉంది. దులుపుకోబుద్ధి కాలేదు.