గుట్ట మీద నేను కట్టిన నాలుగు ఇళ్లు

ఒళ్లు హూనం చేసుకొని దాన్ని విశ్రాంతి అనే మనుషులను నేను ఆస్ట్రేలియాలోనే చూశాను. తుర్కపల్లిలో ఒక ల్యాబులో పనిచేసే మా ఆయనను, రెండు వేల అయిదు ప్రాంతంలో, మూడు నెలల ట్రైనింగుకు అక్కడికి పంపారు. నన్నూ వెంట తీసుకుపోయాడు. ఆయనకు పని నేర్పే పెద్దాయన ఒక శనివారం మమ్మల్ని కారెక్కించుకొని, రెండు రోజులు నేషనల్ పార్కులో హాయిగా ఉండొద్దామన్నాడు.

పార్కంటే నాకు తెలిసింది శామీర్‌పేట జింకల పార్కు. పోతాం, కూర్చుంటాం, పులిహోర తింటాం, వస్తాం. అందుకే మంచి చీర కట్టుకున్నాను. తీరా చూస్తే ఎటు చూసినా మన జామాయిల్ చెట్లూ, బండలూ. ఇంట్లో మెత్తటి పరుపు పెట్టుకొని పెద్దాయన గుడ్డ డేరాలో నేల మీద పడుకున్నాడు.

"ఏందయ్యా, ఈయనను ఇంట్లకెల్లి ఎల్లగొట్టిన్రా?" అని అడిగాను.

"సప్పుడు జెయ్యకు. గిదే రెస్టంట" అన్నాడు మా ఆయన. ఆయనకూ ఏమీ అర్థం కాలేదని ముఖం చూస్తేనే తెలిసింది.

తెల్లారి గుట్ట ఎక్కించాడు. గుడి లేదు, దేవుడు లేడు, మొక్కు లేదు. మరెందుకు ఎక్కడం అంటే, ఎక్కడానికే అన్నాడట. కొంత దూరం పోయాక ఒక బండ మీద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఇంకాస్త పోతే మళ్లీ అలాగే. నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, వీళ్లూ మనలాంటి వాళ్లే! కీసరగుట్ట గుడికి పోయినప్పుడల్లా సొంతిల్లు కావాలని మొక్కి, నేనూ ఇల్లు కట్టినట్టు రాళ్లు పేర్చేదాన్ని. పెళ్లయిన ఏడేళ్లలో మేడ్చల్‌లో మూడు, శామీర్‌పేటలో రెండు కిరాయి ఇళ్లు మారాం. గోడకు మేకు కొడితే చాలు, ఓనరమ్మ పైనుంచి దిగివచ్చేది. కీసరలో వినని మొర ఇక్కడైనా వినబడుతుందేమో అనిపించింది.

మధ్యాహ్నం తిని వాళ్లిద్దరూ నడుం వాల్చారు. నేను పక్కకు పోయి రాళ్లు పేర్చాను. మొదటిది వంకరగా వచ్చింది. ముందుకు పోయినకొద్దీ మంచి పలక రాళ్లు దొరికాయి, ఇంకోటి, ఇంకోటి పేర్చాను. నాలుగోదానికి పైన ఒక గది కూడా లేపాను. మొక్కు పైకి చెప్పకూడదని ఎవరికీ చెప్పలేదు.

కిందికి దిగి డేరా దగ్గరికి వచ్చాక, కెమెరా పైనే మరిచామని మా ఆయన గుర్తు చేసుకున్నాడు. "గిప్పుడే వస్త" అని ఒక్కడే పోయాడు. ఎంతకీ రాలేదు. పొద్దు వాలుతోంది. పెద్దాయన మొహంలో రంగు మారింది. ఇద్దరం మళ్లీ గుట్ట ఎక్కాం. మేము తిన్నచోట కెమెరా లేదు, మనిషీ లేడు.

పెద్దాయన నా మొదటి కుప్ప దగ్గర ఆగాడు. దాన్ని చూసి తల గోక్కున్నాడు. నాకు అర్థం కావాలని, వేళ్లను నడిచినట్టు ఆడించి రాళ్లను చూపాడు, మళ్లీ వేళ్లు ఆడించాడు. అప్పుడు వెలిగింది నాకు. అవి మొక్కులు కావు, దారి గుర్తులు! పొద్దున ఈయన ఇంగ్లిషులో మా ఆయనకు చెప్పింది అదే అయ్యుంటుంది, ఆ మహానుభావుడు నాకు ఒక్క ముక్క చెబితేగా! నా కుప్పలన్నీ లోయ వైపే పోయాయి. ఇంగ్లిషు రాదు. గుండె మీద చెయ్యి పెట్టుకొని, రాళ్లు చూపి, "నేనే, నేనే" అన్నాను. ఆ తెలుగు ఆయనకు అర్థమైంది. లోయ వైపు పరుగెత్తాడు. చీర ఎత్తి పట్టుకొని, మా ఆయననూ నన్నూ కలిపి తిట్టుకుంటూ వెనకే ఉరికాను.

నాలుగో కుప్ప పక్కన, కెమెరా ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు మా ఆయన. పదడుగులు దాటితే లోయ.

"ఇంకా ముంగటికి పోలేదా?" అన్నాను, ఏడుపు ఆగక.

"ఎట్ల పోత? మూడు కుప్పల దాంక నమ్మి వచ్చిన. దీన్ని జూడంగనే సమజైంది. డాబా మీద గది లేపుడు నీకు దప్ప ఎవలికొస్తది? అసలు తొవ్వ ఏదో తెల్వలే, నువ్వే దేవులాడుకుంట వస్తవని గూసున్న."

వీపు మీద రెండు దెబ్బలు వేశాను. నా ఏడుపు చూసి పెద్దాయన పక్కకు తిరిగాడు. కాసేపయ్యాక, కుప్పలు తీసెయ్యాలని సైగ చేశాడు. నేను ముందుకు వంగితే మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"గీ ఒక్కటి ఉండనీరాదే. మంచిగ గట్టినవ్."

ఆయన చెయ్యి తీసేసి, పై గదితో సహా అన్ని రాళ్లూ లోయలోకి నెట్టేశాను.

"అక్కెర్లేదు. జిందగంత కిరాయికే ఉందాం, నడువ్."